పాత దర్వాజ మూయని మనిషి

ఆయన పోయారని ఫోన్ వచ్చేటప్పటికి నేను ఆయన మాటనే నా మాటగా చెప్పి, పదిమంది చేత శభాష్ అనిపించుకుని, కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని ఉన్నాను.

హైదరాబాదులో మా కంపెనీ పని ఆపరేటింగ్ సిస్టమ్‌లు తయారు చేయడం. యంత్రానికీ, దాని మీద నడిచే ప్రోగ్రాములకూ మధ్య నిలబడి, వీళ్లు అడిగిన పని దాని చేత చేయించేదే ఆపరేటింగ్ సిస్టమ్. అడగడానికి ఒక పద్ధతి ఉంటుంది. ఏ పని కావాలంటే ఏ నంబరుతో పిలవాలి, పిలిచేటప్పుడు ఏమేం చెప్పాలి అని ముందే రాసి ఉంటుంది. కొత్త పనులు చేర్చేటప్పుడు పాత ప్రోగ్రాములు చెడిపోకుండా కాపలా కాయడం నా ఉద్యోగం. ఆ రోజు కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెబుతూ, "కొత్త గది కట్టుకోండి, పాత తలుపు మాత్రం మూయకండి" అన్నాను. ఒకమ్మాయి ఆ మాట నోటుబుక్కులో రాసుకుంది. ఎంత బాగా చెప్పారు సార్ అంది. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆయన అన్నది "కొత్త అర్ర కట్టుకో, పాత దర్వాజ మూయకు" అని. అర్రను గది చేశాను, దర్వాజను తలుపు చేశాను. అంతకు మించి అందులో నా కష్టం ఏమీ లేదు.

ఫోన్ చేసింది సైదులు. కోదాడలో మోటార్లు, కంట్రోలు బోర్డులు బాగుచేసే షాపు ఉంది అతనికి. "సార్ పోయిండు అన్నా. దవాఖాన నుంచి ఇంటికి తోల్కొచ్చినంక నాలుగో దినం. పొద్దుగాల" అన్నాడు. ఏ సారు అని నేను అడగలేదు. మా ఇద్దరికీ ఒక్కరే సారు.

నాకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది. చావు కబురు వింటే మనిషికి రావలసింది దుఃఖం కదా, నాకేమిటి ఇలా అనుకున్నాను. ఎందుకో నాకు తెలుసు. ఎనిమిదేళ్లుగా తెలుసు.

*

సూర్యాపేటలో మార్కెట్ యార్డుకు పోయే రోడ్డు మీద, ఒక ఎరువుల దుకాణం పై అంతస్తులో ఉండేది నేను మొదట పనిచేసిన చిన్న కంపెనీ. రైసు మిల్లుల్లో ఉడికించిన వడ్లు ఆరబెట్టే డ్రయ్యర్లు ఉంటాయి కదా, వాటిని నడిపే కంట్రోలు పెట్టెలు అక్కడ తయారయ్యేవి. పెట్టెలో ఉండే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం ఆయన ఒక్కరే రాశారు. దాని మీద ప్రోగ్రాములు రాసుకునేది మాత్రం మిల్లుల వాళ్లే, అంటే అక్కడి ఎలక్ట్రీషియన్లు. ఒక్కో మిల్లులో ఆరబెట్టే తీరు ఒక్కో రకం కాబట్టి, ఎవరి ప్రోగ్రాము వాళ్లు రాసుకుంటేనే మేలని ఆయన పట్టుబట్టి వాళ్లకు నేర్పారు. నేర్పేటప్పుడు ఒక మాట ఇచ్చేవారట. మీరు రాసింది ఇవాళ నడిస్తే, రేపు నేను ఎంత కొత్త పెట్టె పంపినా దాంట్లో కూడా నడుస్తుంది అని.

నేను చేరిన రోజు ఆయన నా ఊరు అడగలేదు, చదువు అడగలేదు. చాయ్ తెప్పించి, సగం సాసర్లో పోసి తన దగ్గర పెట్టుకుని, కప్పు నా వైపు జరిపారు.

"ముందుగాల నా తప్పు చెప్త ఇను తమ్మీ" అన్నారు.

నేను బిత్తరపోయాను. ఎవరైనా కొత్తవాడి ముందు తన గొప్ప చెప్పుకుంటారు.

"పదిహేడో నంబర్ పిలుపు ఉన్నది. ఫలానా డ్రయ్యర్‌కు వేడి గాలి వదులు, గింజ గింత వేడెక్కంగనే బంద్ చెయ్యి అని. దానికి మూడు గూళ్లు పెట్టిన. ఒక గూట్ల డ్రయ్యర్ నంబర్ పెట్టాలె, ఇంకో గూట్ల ఎంత వేడో పెట్టాలె. మూడోది ముందు ముందు అక్కరకొస్తదని ఖాళీ ఉంచిన. ఖాళీగనే పంపున్రి అని కాయిదం మీద రాసిన. కని నిజంగ ఖాళీ ఉన్నదా లేదా అని నా పెట్టె ఎన్నడు సూడదు. సూసి, ఖాళీ లేకుంటె వాపస్ పంపాలె. మొదటి దినమే పంపితె అందరు సక్కగుండేటోళ్లు. నేను పంపలే. గిప్పుడు ఎవలి ప్రోగ్రాంల ఏ చెత్త ఆ గూట్ల పడి వస్తున్నదో దేవునికే ఎరుక. ఆ గూడు ఇగ ఖరాబైంది. నువ్వు దాని జోలికి పోకు."

ఇది ఆయన అందరికీ చెప్పేవారు. మా ఓనరుకు చెప్పారు, మిల్లుల వాళ్లకు చెప్పారు, ఒకసారి నా ఎదుటే బస్సులో పక్క సీట్లో కూర్చున్న మిర్చి రైతుకు చెప్పారు. రైతు ఓపిగ్గా విని, "అయితది సార్, మనుషులం గద" అని ఓదార్చాడు. నేను కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను. తన తప్పును తానే ఊరంతా చాటుకునే మనిషి నాకు అప్పుడు వింతగా కనిపించారు.

మనిషి బక్కగా ఉండేవారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఒక వైపు పుల్ల ఊడిపోయిన కళ్లజోడుకు రాగి తీగ చుట్టుకున్నారు. కొత్తది కొనుక్కోవచ్చు కదా అంటే, "ఇది గూడ కనవడుతనే ఉన్నది" అనేవారు. ఆయన దగ్గర ఒక పొడుగాటి నోటుబుక్కు ఉండేది. అందులో ఒక్కో పిలుపుకు ఒక్కో పేజీ. ఆ పిలుపు ఏం చేస్తుంది, ఏ ఊరి మిల్లులో ఎవరు వాడుతున్నారు అని గుండ్రటి అక్షరాలతో రాసుకునేవారు. ఎవరూ వాడని పిలుపు నంబరును కూడా ఇంకో పనికి ఇవ్వనిచ్చేవారు కాదు.

"తాత పేరు మనవనికి పెట్టొచ్చు. తాత నంబర్ పెట్టొద్దు. తాత కోసం వచ్చినోడు మనవణ్ని పట్కపోతడు" అనేవారు.

ఒకసారి నేను తొమ్మిదో నంబరు పిలుపు తీసేద్దామన్నాను. వేడి ఎంత ఉందో కాగితం చీటీ మీద అచ్చు వేసే పిలుపు అది. ఫోన్లో చూసుకునే రోజుల్లో చీటీలు ఎవరికి కావాలి, ఊరికే బరువు అన్నాను. ఆయన వాదించలేదు. మర్నాడు పొద్దున బస్టాండుకు రమ్మన్నారు. తువ్వాలలో చుట్టిన పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఇద్దరం మిర్యాలగూడ పోయాం.

బస్సు దిగగానే ఉడికిన వడ్ల వాసన. మిల్లు గేటు దాటేసరికి ఆయన తెల్ల చొక్కా మీద ఊక బూడిద నల్లగా వాలింది. ఆయన దాన్ని దులుపుకోలేదు. నేరుగా డ్రయ్యర్ దగ్గరికి పోయి, నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని, ఒకటి పంటి కింద పెట్టి కొరికి, తల ఊపారు. అక్కడ ఉన్నాడు సైదులు. మిల్లు ఎలక్ట్రీషియన్. గొర్లు కాసే ఇంట్లో పుట్టి, పదో తరగతి తప్పి, మోటార్ల పనిలోకి వచ్చినవాడు. ఆ డ్రయ్యర్ నడిపే ప్రోగ్రాము మొత్తం అతనే రాశాడు. ముందు వంద పేజీల నోటుబుక్కులో తెలుగులో రాసుకుని, తరువాత పెట్టెకు ఎక్కించాడు. ఎవరైనా మిల్లు చూడవస్తే మిల్లు యజమాని మొట్టమొదట ఆ నోటుబుక్కే చూపించేవాడట, మా సైదులు రాసిండు అని.

గోడకు ఒక వంకర తీగ, దానికి గుచ్చిన చీటీలు బారెడు పొడవున వేలాడుతున్నాయి.

"ఇవెందుకు సైదులూ?" అని అడిగాను.

"దినాం సూసుకుంట అన్నా. ఏ వడ్లు ఎంత వేడికి ఎట్లారినయో దీన్ల ఎరుకైతది" అని చెప్పి, వెంటనే అనుమానంగా ఆయన వైపు తిరిగాడు. "ఎందుకు సార్, బంద్ చేస్తున్నరా?"

"నేనున్నన్ని దినాలు బంద్ గాదు. నేను లేకున్నా బంద్ గాదు" అన్నారు ఆయన, నన్ను చూస్తూ.

తిరుగు బస్సులో సూర్యాపేట దగ్గరపడింది. దిగే ముందు ఆయన, "పనికిరాని పిలుపు అన్నవు గద. దానికి మొఖం ఉన్నదా లేదా?" అన్నారు. నేను ఉందన్నాను.

ఇంకొక అలవాటు చెప్పాలి, ఎందుకంటే నా కథ అక్కడే చెడింది. ఏ మార్పు చేసినా, దాన్ని పరీక్షించే ముందు పెట్టెను నాలుగు రోజులు ఆపకుండా నడిపించేవారు. మిల్లుల నుంచి తెచ్చుకున్న ప్రోగ్రాములన్నీ అందులో తిప్పుతూ ఉంచి, నాలుగు రోజుల తరువాత అసలు పరీక్ష మొదలుపెట్టేవారు. ఎందుకంటే అప్పుడే కరెంటు పెట్టిన పెట్టె జ్ఞాపకంలో అన్నీ సున్నాలే ఉంటాయి. నాలుగు రోజులు నడిచాకే అందులో పాత లెక్కల మిగులు, చెత్త పేరుకుంటుంది. "కొత్తగ అలికిన ఇంట్ల ఎవలైనా సక్కగనే నడుస్తరు. నాలుగు దినాలు కాపురం చేసినంక సూడాలె" అనేవారు. పరీక్ష అయ్యాక రిజిస్టరులో, నాలుగు రోజులు నడిపాను అని రాసి సంతకం చేయాలి. ఆ సంతకం ఉంటేనే పెట్టెలు బయటికి కదిలేవి.

*

ఆ ఏడు వానాకాలం కోతలకు ముందు మిల్లుల వాళ్లు ఒక కొత్త పని అడిగారు. గింజ వేడెక్కగానే గాలి ఆగిపోవడం కాకుండా, కావాలన్నప్పుడు అదే వేడి మీద కొంతసేపు నిలిపి ఉంచాలని. దానికి నలభై ఒకటో నంబరుతో వేరే పిలుపు పెట్టమన్నారు ఆయన. ఆ పిలుపు వచ్చేటప్పుడే తన గూళ్లు ఎన్నో చెప్పాలి, ఖాళీ అన్న చోట ఏమైనా ఉంటే పెట్టె దాన్ని వాపసు పంపాలి, పదిహేడును ముట్టుకోకూడదు. ఎలా రాయాలో అంతా విడమరచి చెప్పి, కంటి ఆపరేషన్‌కు పోయారు. తెర వెలుగు చూడొద్దు, చదవొద్దు అన్నారు డాక్టర్లు. నల్లద్దాలు పెట్టుకుని నడిగూడెంలో ఇంటి పట్టున ఉన్నారు. "నువ్వు చెయ్యగలుగుతవు తమ్మీ" అని పని నాకు అప్పగించారు.

చక్కగా చేస్తే రెండు వారాల పని. ఓనరు రోజూ వచ్చి కోతలు మొదలైతున్నయ్ అని గుర్తు చేస్తున్నాడు. నాకు బద్ధకం ఒకటి, ముసలాయనకు చాదస్తం అన్న తెలివి ఒకటి. బయటికి నలభై ఒకటో నంబరు పెట్టాను. లోపల మాత్రం అది పోయి పదిహేడునే పిలిచి, మూడో గూట్లో ఒక గుర్తు పెట్టేలా రాశాను. గుర్తు ఉంటే గాలి ఆపకు, నిలిపి ఉంచు అని. ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. అప్పుడే కరెంటు పెట్టిన పెట్టెలో సైదులు ప్రోగ్రాముతో సహా అన్నీ వేసి చూశాను. నలభై నిమిషాలు నడిపాను. అన్నీ చక్కగా నడిచాయి. రిజిస్టరు తెరిచి, నాలుగు రోజులు నడిపాను అని రాసి సంతకం పెట్టాను. పెన్ను జేబులో పెట్టుకుని చాయ్‌కు పోయాను.

సాయంత్రం ఆయన ఫోన్ చేశారు. "నాలుగు దినాలు నడిపినవా తమ్మీ?"

"నడిపిన సార్."

"మంచిది. కండ్లు లేనోనికి నువ్వే కండ్లు" అని నవ్వారు.

పెట్టెలు మిల్లులకు పోయాయి. వారం పాటు ఏమీ కాలేదు. వారం దాటాక, ఒక మిట్టమధ్యాహ్నం, మిర్యాలగూడలో సైదులు డ్రయ్యర్‌కు గాలి వదిలి, ఎప్పటిలాగే అన్నం తినడానికి పోయాడు. వేడెక్కగానే దానంతటదే ఆగుతుందని అతనికి ఏళ్ల తరబడి నమ్మకం. ఆ రోజు ఆగలేదు. అతని ప్రోగ్రాము మూడో గూట్లో ఏదో పాత మిగులు పెట్టి పంపింది, ఎప్పుడూ పంపుతున్నదే. అంతకుముందు ఆ గూడు వైపు ఎవరూ చూడలేదు. ఇప్పుడు నేను రాసిన మార్పు చూసి, ఆ చెత్తనే నిలిపి ఉంచు అన్న గుర్తు అనుకుంది. వడ్లు మితిమీరి ఎండిపోయాయి. మిల్లు ఆడిస్తే బియ్యం రాలేదు, అన్నీ నూకలే.

ఆయన, ఓనరు, నేను ముగ్గురం పోయేసరికి సైదులు డ్రయ్యర్ మెట్ల మీద కూర్చుని నోటుబుక్కు పేజీలు తిప్పుతున్నాడు. మిల్లు యజమాని నలుగురి ముందు అతన్ని దులిపేస్తున్నాడు.

"పదో తరగతి గట్టెక్కనోడు రాసిన దాన్ని నమ్మినందుకు నన్ను అనుకోవాలె. దానికి తోడు డ్రయ్యర్ ఇడిసిపెట్టి తిన పోయిండు."

సైదులు ఆయనను చూసి లేచి నిలబడ్డాడు. "సార్, ఈ పేజీలల్ల యాడనో తప్పున్నది. పొద్దుగాల సంది ఎతుకుతున్న. నాకు దొరుకుతలేదు" అన్నాడు.

నల్లద్దాలతోనే వచ్చారు ఆయన, చదవొద్దన్నా. లాప్‌టాప్ పెట్టెకు తగిలించమని, "మూడో గూట్ల ఏమున్నదో చదువు తమ్మీ" అన్నారు. చదివాను. ఖాళీ కాదు, చెత్త ఉంది.

"ఉంటది. అది ఎప్పుడు ఉన్నదే. గిప్పుడు దాన్ని ఎవలు సూస్తున్నరు?"

నేను లాప్‌టాప్ మూసేశాను. ఆయన మిల్లు యజమాని వైపు తిరిగారు.

"సైదులు ప్రోగ్రాంల ఏ తప్పు లేదు. ఆ పోరడు రాసింది రాసినట్టే ఉన్నది. తప్పు మా పెట్టెది. పాతది చెడదని నేను మాటిచ్చిన, తప్పిన."

మా ఓనరు ఆయన చెయ్యి పట్టి పక్కకు లాగాడు. "అట్లెట్ల ఒప్పుకుంటరు సార్, ఇంకా సూడనే లేదు" అని గొణిగాడు. "సూసిన" అన్నారు ఆయన. నేను అక్కడే, మూడడుగుల దూరంలో, కుక్కిన పేనులా పడి ఉన్నాను. ఒక్క మాట చాలు. సార్ కాదు, నేను అంటే చాలు. ఆ మాట నా గొంతులో ఉంది కూడా. ఉద్యోగం పోతుందని భయపడ్డానా అంటే, అది కూడా కాదు. అంతమంది ముందు తెలివితక్కువవాణ్ని అనిపించుకోవడం ఇష్టం లేకపోయింది. అంతే.

మర్నాడు ఆయన ఆఫీసుకు వచ్చారు. నేను పరీక్షకు వాడిన పెట్టె ఆయన బల్ల మీద ఉంది, పక్కన రిజిస్టరు. పెట్టె తాను ఎంతసేపు నడిచిందో తనే గుర్తు పెట్టుకుంటుంది. నేను కరెంటు తీసేసిన తరువాత దాన్ని ఎవరూ ముట్టలేదు. నలభై నిమిషాలు అని చూపిస్తోంది. నాకు కనిపిస్తోంది, ఆయనకూ కనిపిస్తోంది.

"నాలుగు దినాలు నడిపినవా తమ్మీ?" అని రెండోసారి అడిగారు. కోపం లేదు. కుర్చీ చూపించి, కూర్చోబెట్టి మరీ అడిగారు.

"నడిపిన సార్" అన్నాను.

నల్లద్దాలు తీసి, నీరు కారుతున్న కన్ను చేతిరుమాలుతో అద్దుకున్నారు. "సరే తమ్మీ" అన్నారు. పెట్టె తీసి బీరువాలో పెట్టారు. నేను లేచి వచ్చి నా పని చేసుకున్నాను. చేసుకోగలిగాను.

ఆ పిలుపును ఆయన చెప్పినట్టే, పదిహేడును ముట్టుకోకుండా మళ్లీ రాశాను. సరిగ్గా రెండు వారాలు పట్టింది. ఈలోగా ఆయన పాత పెట్టెలు ఒళ్లో పెట్టుకుని, బస్సులెక్కి, మిల్లు మిల్లుకూ పోయి ఒక్కొక్కటీ మార్చి వచ్చారు. మాటిచ్చి తప్పిన అని ప్రతి మిల్లులోనూ చెప్పారట. ఆ కోతలు అయిపోయాక ఓనరు ఆయనను విశ్రాంతి తీసుకొమ్మన్నాడు. వయసు మీద పడిందని, చూపు తగ్గిందని. ఆయన కుర్చీలో నన్ను కూర్చోబెట్టాడు. కూర్చున్నాను. మిల్లు యజమాని ఆయన మాటను సగమే నమ్మాడు. సైదులును పనిలోంచి తీసెయ్యలేదు కానీ, డ్రయ్యర్ దగ్గరికి మాత్రం రానివ్వలేదు. నెల తిరగక ముందే సైదులు మానేసి కోదాడ పోయాడు.

తరువాత నేను హైదరాబాదు వచ్చాను. ఆ మార్పు ఎంత జాగ్రత్తగా చేశానో చెప్పుకుని ఉద్యోగం సంపాదించాను.

ఈ ఎనిమిదేళ్లలో ఆయనను ఒక్కసారే చూశాను. మునగాల దాటాక హైవే పక్క దాబాలో చాయ్ తాగుతుంటే, రోడ్డుకు అవతల బస్సు దిగుతూ కనిపించారు. మొహం తిప్పుకుందామనుకున్నాను, ఆయనే చూసి రోడ్డు దాటి వచ్చారు. చాయ్ సాసర్లో పోసుకుని, "ఇగ చెప్పు" అన్నారు. ట్రాఫిక్ గురించి చెప్పాను. మళ్లీ, "ఇగ చెప్పు" అన్నారు. మా కంపెనీ ఎంత పెద్దదో చెప్పాను. ఇంకోసారి అన్నారు. ఇంక చెప్పడానికేమీ లేదన్నట్టు వాచీ చూసుకున్నాను. ఆయన భుజం తట్టి, "మంచిగుండు తమ్మీ" అని మళ్లీ రోడ్డు దాటి పోయారు.

*

దశదినానికి నడిగూడెం పోయాను. మిర్యాలగూడ నుంచి, హుజూర్‌నగర్ నుంచి మిల్లుల ఎలక్ట్రీషియన్లు చాలామంది వచ్చారు. కొందరు నన్ను గుర్తుపట్టి పెద్ద సారు అన్నారు. అన్నం తిన్నాననిపించి లేస్తే, సైదులు తన బండి మీద కోదాడ దాకా రమ్మన్నాడు. అక్కడి నుంచి నేను బస్సెక్కవచ్చని.

షాపు చిన్నది, శుభ్రంగా ఉంది. అతని భార్య మంచినీళ్లు ఇచ్చి, "కూర్చోండి అన్నయ్యా, కాసేపుండి పోదురుగాని" అని లోపలికి పోయింది. ఎవరో రైతు సాయంత్రానికి మోటారు కావాలన్నాడని, సైదులు వచ్చీ రాగానే రాగి తీగ చుట్టడం మొదలుపెట్టాడు. నేను ఈసారైనా చెప్పాలనుకుని, "సైదులూ" అన్నాను. ఆగమని చెయ్యి చూపించాడు. చుట్లు లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి చుట్టాలి. అతను పెదాలు కదుపుతూ లెక్కపెడుతుంటే, ఇంకా చాలా ఉంటే బాగుండు అనుకున్నాను. అయిపోయింది. దారంతో ముడి వేసి, "చెప్పు అన్నా" అన్నాడు.

"ఆ దినం మిల్లుల... అది నీ తప్పు గాదు. సార్ తప్పు అంతకన్న గాదు. నేను చేసిన. మూడో గూడు నేను ముట్టిన. నాలుగు దినాలు నడపలే, నడిపిన అని రాసిన."

"ఎరుకే అన్నా" అన్నాడు సైదులు.

నేను గ్లాసు కింద పెట్టాను. "సార్ చెప్పిండా?"

"పేరు చెప్పలే. నేను ఎక్కడ తప్పు రాసిన అని నిద్ర లేకుంట తిరుగుతుంటే, ఆ పెట్టె పట్టుకొచ్చి నా ముందట పెట్టి అంత సూపెట్టిండు. ఎవలు సార్ అని అడిగిన. 'చేసినోడే నీ దగ్గరికొచ్చి చెప్తడు. నువ్వు మాత్రం అడగకు. అడిగించుకొని చెప్తే చెప్పినట్టు గాదు' అన్నడు. ఆ ఆఫీసుల రాసేటోళ్లు మీరిద్దరే గదనే."

ఎనిమిదేళ్లలో ఎన్నోసార్లు అతనితో ఫోన్లో మాట్లాడాను. పండగలకు శుభాకాంక్షలు చెప్పుకున్నాం. ఒక్కసారి కూడా అతని గొంతులో నాకేమీ వినిపించలేదు.

"కోదాడకొచ్చినప్పుడల్ల ఆ స్టూలు మీదనే కూసునేటోడు. 'వచ్చిండా?' అని అడిగేటోడు. రాలే సార్ అంటే, 'వస్తడు తియ్, పనుంటది' అనేటోడు." సైదులు ఇంకో తీగ చుట్ట అందుకుని కొస వెతుకుతున్నాడు. "దవాఖానల గూడ అడిగిండు. గొంతు ఎల్తలేకుండె. చెయ్యి పట్టుకొని, వచ్చిండా అన్నడు."

నేను స్టూలు వైపు చూశాను.

"'వచ్చిండు సార్, నిన్న ఇంటికొచ్చి అంత చెప్పి పోయిండు' అని చెప్పిన. శాన సంబురపడ్డడు." కొస దొరికింది కానీ అతను చుట్టడం మొదలుపెట్టలేదు. "సార్‌కు నేను ఎన్నడు అబద్ధం చెప్పలే అన్నా. గదొక్కటే."